న్యూట్రల్ కాలుతోంది, కెపాసిటర్లు ఉబ్బుతున్నాయి: స్టెబిలైజర్ కొనేముందు ఏం కొలవాలి, ఏది ముందు సరిచేయాలి

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను. విజయవాడలో అయిదంతస్తుల వాణిజ్య భవనం. 11 కేవీ సరఫరా, సొంత 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ప్లేటు మీద ఇంపీడెన్స్ (కరెంటుకు లోపలి అడ్డు) 4.5 శాతం. ఏపీఎఫ్‌సీ పానెల్‌లో (పవర్ ఫ్యాక్టర్ సరిచేయడానికి కెపాసిటర్లను తనంతట తానే ఎక్కించి దించేది) 440 వోల్టుల రేటింగ్ ఉన్న 25 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యపు కొలత) కెపాసిటర్లు తొమ్మిది, వాటితో వరసలో పెట్టే తీగచుట్టలు, అంటే రియాక్టర్లు లేవు. ఏడాది తిరక్కముందే మూడు ఉబ్బిపోయాయి. మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో యూపీఎస్ రోజుకు చాలాసార్లు బ్యాటరీ మీదికి పోతోంది, ఎల్ఈడీ డ్రైవర్లు తరచూ కాలిపోతున్నాయి. ఆ అంతస్తు రైజర్ (కింది నుంచి పైకి కరెంటు తెచ్చే లైను) 3.5 కోర్ల, అంటే మూడు ఫేజ్ కోర్లూ సగం సైజు న్యూట్రలూ ఉన్న, 185 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం కేబుల్, పొడవు సుమారు 30 మీటర్లు. క్లాంప్ మీటర్‌లో ఆర్ ఫేజ్ 180, వై 210, బీ 165, న్యూట్రల్ 190 ఆంపియర్లు. దాని 250 ఆంపియర్ల ఎంసీసీబీ (బ్రేకర్) ఓవర్‌లోడ్ లేకుండానే ట్రిప్ అవుతోంది. లిఫ్టు కదిలితే కారిడార్ లైట్లు మసకబారుతున్నాయి. పానెల్ కట్టినవాళ్లు 300 కేవీఏ సర్వో స్టెబిలైజర్ పెట్టమంటున్నారు, కెపాసిటర్లు కూడా రెట్టింపు చేసి 450 కేవీఏఆర్‌కు తీసుకెళ్లమంటున్నారు.

ఆ రెండు ఆర్డర్లూ ఆపండి. స్టెబిలైజర్ నెమ్మదిగా పెరిగి తగ్గే వోల్టేజీని మాత్రమే సర్దుతుంది. సెకనులో పదో వంతు పాటు పడిపోయి లేచే వోల్టేజీని అందుకోలేదు, హార్మోనిక్స్‌ను, అంటే 50 హెర్ట్జ్‌కు రెట్ల ఫ్రీక్వెన్సీలో కలిసే అదనపు తరంగాలను, అసలు ముట్టుకోదు. పైగా ట్రాన్స్‌ఫార్మర్‌కూ లోడ్‌కూ మధ్య ఇంకో ఇంపీడెన్స్ చేరి వోల్టేజీ వంపు, అంటే తరంగం ఆకారం చెడటం, పెరుగుతుంది. కెపాసిటర్లు రెట్టింపు చేస్తే ఏమవుతుందో కింద లెక్కతో చూపిస్తాను, అది ఇంకా ప్రమాదం. మీరు చెప్పినవన్నీ ఒకే జబ్బు లక్షణాలు కావు. కనీసం మూడు వేర్వేరు కారణాలున్నాయి, వాటిలో ఒకటి అగ్నిప్రమాదం దాకా పోగలది. దాంతోనే మొదలుపెడదాం.

అది న్యూట్రల్. మూడు ఫేజుల్లో 180, 210, 165 ఉంటే, లోడ్ సమానంగా లేకపోవడం వల్ల మాత్రమే న్యూట్రల్‌లో ఎంత రావాలి? మూడు కరెంట్ల వర్గాలు కూడి, అందులోంచి రెండేసి ఫేజుల లబ్ధాలు మూడింటినీ తీసేసి, మిగిలినదానికి వర్గమూలం కట్టండి. 1,03,725 లోంచి 1,02,150 పోతే 1,575. దాని వర్గమూలం సుమారు 40. అంటే అసమతుల్యత వల్ల వచ్చేది 40 ఆంపియర్లే. మీకు 190 ఉంది. 190 వర్గంలోంచి 40 వర్గం తీసి మూలం కడితే 186. ఈ 186 ఆంపియర్లూ దాదాపుగా మూడో హార్మోనిక్, అంటే 150 హెర్ట్జ్ కరెంటు. ఒక్కో ఫేజ్ నుంచి సుమారు 62 ఆంపియర్లు వచ్చి అక్కడ చేరుతున్నాయి. మూడు ఫేజుల పవర్ ఫ్యాక్టర్ ఇంచుమించు ఒకటే అనుకుని వేసిన లెక్క ఇది, కానీ దారి చూపడానికి చాలు.

ఇలా ఎందుకు చేరుతుందంటే, 50 హెర్ట్జ్ దగ్గర మూడు ఫేజులు 120 డిగ్రీల ఎడంతో నడుస్తూ న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 150 హెర్ట్జ్ దగ్గర ఆ ఎడం మూడింతలై 360 అవుతుంది, అంటే ఎడమే లేనట్టు. మూడూ ఒకేసారి లేచి ఒకేసారి పడతాయి. కంప్యూటర్ల పవర్ సప్లైలు, చవక ఎల్ఈడీ డ్రైవర్లు, సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ ఏసీలు వోల్టేజీ శిఖరం దగ్గర మాత్రమే కరెంటును గుటకలు వేసినట్టు లాగుతాయి కాబట్టి ఈ 150 హెర్ట్జ్ పుడుతుంది. అందుకే "లోడ్ బ్యాలెన్స్ చేయండి, న్యూట్రల్ చల్లబడుతుంది" అనే మామూలు సలహా మీకు పనిచేయదు. ఎంత చక్కగా సర్దినా ఆ 40 పోతుంది, 186 అక్కడే ఉంటుంది.

ఇక కేబుల్ సంగతి. 3.5 కోర్ల 185 కేబుల్‌లో న్యూట్రల్ 95 స్క్వేర్ ఎంఎం. ఫేజ్ కోరులో ఎంత కరెంటు పోతోందో అంతే ఇందులోనూ పోతోంది, కాని మందం సగమే. కాబట్టి న్యూట్రల్ కోరు ఒక్కో ఫేజ్ కోరు కంటే రెండింతల వేడి పుట్టిస్తోంది. ఫేజ్ ఎంసీసీబీకి ఇది కనపడదు. న్యూట్రల్‌లో రక్షణ లేని మూడు పోళ్ల బ్రేకర్ అయితే కేబుల్ మాడిపోయేదాకా కూడా ట్రిప్ అవ్వదు. ఐఈసీ 60364 లో కేబుల్ సైజుల భాగం ఇందుకోసమే ఒక పట్టిక ఇస్తుంది. ఫేజ్ కరెంటులో మూడో హార్మోనిక్ 15 శాతం దాటితే కేబుల్ సామర్థ్యాన్ని 0.86 తో గుణించాలి. 33 శాతం దాటితే సైజును ఫేజ్ కరెంటుతో కాక న్యూట్రల్ కరెంటుతో లెక్కకట్టాలి. మీది ఆ 33 గీత మీదే ఉంది.

అంకెలు మళ్లీ తీసేముందు మీటర్ ట్రూ ఆర్ఎంఎస్ (తరంగం ఆకారం ఎలా ఉన్నా సరైన విలువ చూపే) రకమేనా చూడండి. సగటు లెక్కించే చవక క్లాంప్ మీటర్లు ఇలాంటి కరెంటును 30, 40 శాతం దాకా తక్కువ చూపిస్తాయి. మీది ఆ రకమైతే అసలు కరెంట్లు మీరు రాసినదానికంటే ఎక్కువ. 150 హెర్ట్జ్‌ను విడిగా చూపించే హార్మోనిక్ క్లాంప్ దొరికితే పైన చెప్పిన లెక్క అవసరమే లేదు.

తర్వాత మూడో అంతస్తు డీబీలో (కరెంటు పంచే పెట్టెలో), ఆఫీసు నిండుగా నడిచే వేళ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలవండి. 95 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం వేడి మీద కిలోమీటరుకు సుమారు 0.4 ఓమ్‌లు. 30 మీటర్లకు 0.012. దాన్ని 190 తో గుణిస్తే 2.3 వోల్టులు. కాబట్టి రెండు, మూడు వోల్టులు కనిపిస్తే అది కేబుల్‌ది, సహజం. ఏడెనిమిది కనిపిస్తే దారిలో ఎక్కడో లగ్గో (కేబుల్ కొసకు బిగించే లోహపు ముక్క) లింకో వదులైంది. సున్నా కనిపిస్తే సంతోషించకండి. అంత లోడ్ ఉండగా సున్నా రావడమంటే ఎవరో ఆ అంతస్తులోనే న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపేశారన్నమాట. అప్పుడు న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ పట్టీల్లోంచి, కేబుల్ ట్రేల్లోంచి, నెట్‌వర్క్ కేబుళ్ల షీల్డ్‌ల్లోంచి తిరిగొస్తుంది. రుజువు కావాలంటే మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి ఒకే క్లాంప్‌లో పెట్టండి, మిల్లీ ఆంపియర్లలో ఉండాల్సింది ఆంపియర్లలో వస్తుంది. ఆ జంపర్ సాధారణంగా యూపీఎస్ దగ్గరో, జెనరేటర్ చేంజోవర్ దగ్గరో, "న్యూట్రల్ ఎర్త్ వోల్టేజీ తగ్గించడానికి" అని ఎవరో వేసిన చోటో దొరుకుతుంది. సొంత ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యూపీఎస్ అవుట్‌పుట్ దగ్గర కలపడం మాత్రం తప్పు కాదు, దాన్ని పీకేయకండి.

ఎల్ఈడీ డ్రైవర్లు కాలిపోవడానికి నా మొదటి అనుమానం కూడా ఈ న్యూట్రల్ మీదే. వదులైన న్యూట్రల్ ఉంటే మూడు ఫేజుల మధ్య బిందువు ఊగుతుంది. తక్కువ లోడ్ ఉన్న ఫేజ్ 260, 270 వోల్టుల దాకా లేస్తే, ఎక్కువ లోడ్ ఉన్నది 200 కిందికి దిగుతుంది. గుర్తు పట్టడం తేలిక: ఒక ఫేజ్ లేచినప్పుడే ఇంకోటి పడుతుంది, కాని ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 కదలదు. అంతస్తు డీబీలో కనిష్ఠ, గరిష్ఠ విలువలు దాచే మీటర్‌ను ఒక రోజు వదిలేస్తే తేలిపోతుంది. దీన్ని 11 కేవీ వైపు ఒక ఫ్యూజు పోయిన లక్షణంతో కలిపేయకండి. అక్కడ ఒక ఫేజ్ మామూలుగా ఉండి, మిగతా రెండూ సుమారు సగానికి పడిపోయి అలాగే ఉండిపోతాయి.

సరిచేయడం ఇలా. లైన్ క్లియర్ (సరఫరా ఆపినట్టు అనుమతి) తీసుకుని, ఎర్త్ చేసి, కరెంటు లేదని టెస్టర్‌తో కాక మీటర్‌తో నిర్ధారించుకున్నాకే పానెల్ ముట్టుకోవాలి. కరెంటు ఉండగా న్యూట్రల్ లింకు విప్పితే ఆ క్షణంలోనే మూడో అంతస్తు కంప్యూటర్ల మీదికి 415 వైపు నెట్టినట్టవుతుంది. అల్యూమినియం లగ్గు రాగి బస్‌బార్ మీద నేరుగా కూర్చుంటే బైమెటల్ లగ్గు వేయించండి. రంగు మారిన లగ్గును మళ్లీ బిగించడం దండగ, కోసి కొత్తది సరైన డైతో క్రింప్ చేయాలి. అల్యూమినియం బిగుతు కింద మెల్లగా జారుతుంది కాబట్టి డిస్క్ స్ప్రింగ్ వాషర్ వేసి, పానెల్ తయారీదారు చెప్పిన టార్క్‌కు రెంచ్‌తో బిగించి, బోల్టు మీద గీత పెట్టండి. "ఇంకాస్త గట్టిగా" అని ప్రతి ఆరు నెలలకూ తిప్పితే లోహం నలిగి జాయింటు ఇంకా పాడవుతుంది.

జాయింటు బాగుచేసినా సగం సైజు న్యూట్రల్ మిగిలే ఉంటుంది. ఉత్తమం, అదే 3.5 కోర్ల 185 కేబుల్ ఇంకొకటి పక్కన వేసి లోడ్ పంచడం, లేదా పూర్తి న్యూట్రల్ ఉన్న 4 కోర్ల కేబుల్‌కు మారడం. డీబీ న్యూట్రల్ బస్‌బార్ కూడా సగం సైజే అయితే దాన్నీ మార్చాలి. కొందరు ఒక విడి న్యూట్రల్ వైరును ఆర్మర్ బయట కట్టేసి లాగుతారు. అది వద్దు. ఫేజులు ఒక ఆర్మర్ లోపల, తిరుగు కరెంటులో సగం బయట నడిస్తే ఉక్కు ఆర్మర్‌లోనూ గ్లాండ్ ప్లేటులోనూ సుడి కరెంట్లు పుట్టి అవి వేడెక్కుతాయి.

ఎంసీసీబీ ట్రిప్ కూడా దీంతోనే ముడిపడి ఉండొచ్చు. థర్మల్ రకం బ్రేకర్ లోపలి పట్టీకి కరెంటు వేడో, పక్క లగ్గు వేడో తేడా తెలియదు. టెర్మినల్ వదులుగా ఉంటే 210 ఆంపియర్లకే 250 బ్రేకర్ పడిపోతుంది. పైగా ఆ రేటింగ్ మామూలుగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు ఇచ్చింది. మే నెల విజయవాడలో గాలి ఆడని పానెల్ లోపల 55 ఉండటం వింతేమీ కాదు. లోడ్ సగానికి పైగా ఉన్న వేళ థర్మల్ కెమెరాతో మూడు ఫేజుల టెర్మినళ్లనూ పోల్చండి. ఒకేలాంటి లోడ్ ఉన్న ఫేజుల మధ్య 15 డిగ్రీలకు మించి తేడా ఉంటే వాయిదా వేయొద్దు. కెమెరా లేకపోతే, సరైన గ్లౌజులూ ఫేస్ షీల్డూ ఉన్న మనిషి మాత్రమే, బ్రేకర్ ఒక్కో పోలు మీద మిల్లీ వోల్టుల డ్రాప్ కొలిచి పోల్చాలి. మిగతావాటికంటే రెండింతలున్నదే దొంగ.

ఇప్పుడు కెపాసిటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్సూ కెపాసిటర్ బ్యాంకూ కలిసి ఒక ఊయల లాంటిది తయారవుతుంది. అది ఏ హార్మోనిక్ దగ్గర ఊగుతుందో కనుక్కోవడానికి ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ సర్క్యూట్ కేవీఏను కెపాసిటర్ కేవీఏఆర్‌తో భాగించి వర్గమూలం కట్టాలి. మీకు 500 ను 0.045 తో భాగిస్తే 11,111 కేవీఏ. దాన్ని 225 తో భాగిస్తే 49.4. మూలం 7.03. అన్ని స్టెప్పులూ ఆన్‌లో ఉన్నప్పుడు మీ భవనం ఏడో హార్మోనిక్ మీద సరిగ్గా కూర్చుంటోంది. ఏసీల వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు), త్రీఫేజ్ యూపీఎస్‌లు ఎక్కువగా పుట్టించేవి అయిదో, ఏడో హార్మోనిక్సే. ఉన్న కొద్దిపాటి ఏడో హార్మోనిక్ అక్కడ కొన్ని రెట్లై కెపాసిటర్ల లోపలికి దూకుతుంది. అవి ఉబ్బడంలో ఆశ్చర్యం లేదు. ఇక పానెల్ వాళ్లు చెప్పిన 450 తో భాగించండి: 24.7, మూలం 4.97. అంటే ఏడో దాని మీంచి లేపి, అన్నిటికంటే బలమైన అయిదో దాని మీద కూర్చోబెడుతున్నారు. 440 రేటింగ్ కెపాసిటర్లను 415 మీద నడపడం, ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ రేటింగ్ 433 కావడం ఈ లెక్కను కొద్దిగా కదిపినా ఆ రెండు సవరణలూ దాదాపు చెల్లిపోతాయి. 11 కేవీ లైను ఇంపీడెన్స్ కలిస్తే ఫలితం కాస్త కిందికి దిగుతుంది. ఊయల మాత్రం ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

ఇది కాగితం మీద లెక్కే కదా అనిపిస్తే పరీక్షించుకోవచ్చు. ఏసీలన్నీ నడిచే మధ్యాహ్నం, మెయిన్ బస్ (పానెల్ ప్రధాన పట్టీలు) మీద హార్మోనిక్స్ చూపించే మీటర్ పెట్టి, ఏపీఎఫ్‌సీ రిలేను మాన్యువల్‌లో ఉంచి ఒక్కో స్టెప్పూ ఎక్కించండి. స్టెప్పుకూ స్టెప్పుకూ మధ్య కనీసం ఒక నిమిషం ఆగండి, ఎందుకంటే డిస్చార్జ్ కాని కెపాసిటర్‌ను మళ్లీ ఆన్ చేస్తే కాంటాక్టర్ అతుక్కుపోతుంది. ప్రతి స్టెప్పులో అయిదో, ఏడో హార్మోనిక్ వోల్టేజీ రాసుకోండి. ఎనిమిది, తొమ్మిది స్టెప్పుల దగ్గర ఏడో హార్మోనిక్ ఒక్కసారిగా ఎగబాకితే నిర్ధారణ అయినట్టే. కెపాసిటర్ లైను కరెంటు కూడా చూడండి. 440 వోల్టుల 25 కేవీఏఆర్‌కు రేటెడ్ కరెంటు 32.8 ఆంపియర్లు, 415 మీద శుభ్రమైన కరెంటయితే 31 రావాలి. 40 దాటిందంటే, వర్గాల తేడా మూలం కడితే, దానిలో 25 ఆంపియర్లకు పైగా హార్మోనిక్సే. ఐఈసీ 60831 ఒప్పుకునే హద్దు రేటెడ్‌కు 1.3 రెట్లు, అంటే 42.6. ఒక ఫేజ్‌లో మాత్రం బాగా తక్కువ వస్తే ఆ కెపాసిటర్ లోపల ఒక భాగం ఇప్పటికే పోయింది. ఏడోది ఎగబాకిన స్టెప్పు నంబరు తేలాక, కొత్త పానెల్ వచ్చేదాకా రిలే అక్కడికి వెళ్లకుండా స్టెప్పుల సంఖ్య తగ్గించి పెట్టండి.

శాశ్వత పరిష్కారం డీట్యూన్డ్ బ్యాంకు. కెపాసిటర్‌తో వరసలో 7 శాతం రియాక్టర్ పెడితే ఆ జంట 189 హెర్ట్జ్ దగ్గర ట్యూన్ అవుతుంది. అయిదోది 250 హెర్ట్జ్, అది 189 కి పైన కాబట్టి అక్కడ బ్యాంకు ఇండక్టివ్‌గా మారి ఊయల ఊగదు. మీకు మూడో హార్మోనిక్ బలంగా ఉంది కదా, 14 శాతం రియాక్టర్, అంటే 134 హెర్ట్జ్, వేయాలా అని అడగొచ్చు. డెల్టాలో ఉన్న బ్యాంకుకు మూడు ఫేజుల్లో సమానంగా ఉన్న మూడో హార్మోనిక్ కనపడదు. ఫేజులు ఎక్కువ తక్కువగా ఉన్నప్పుడే కొంత కనపడుతుంది. కాబట్టి మెయిన్ బస్ మీద ఫేజుకూ ఫేజుకూ మధ్య మూడో హార్మోనిక్ వోల్టేజీ కొలవండి. అది అయిదోదానికంటే చాలా తక్కువుంటే 7 శాతం చాలు, దానికి దీటుగా ఉంటే 14 తీసుకోండి.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు కెపాసిటర్ రేటింగ్. 7 శాతం రియాక్టర్ వెనక కెపాసిటర్ మీద వోల్టేజీ 415 ను 0.93 తో భాగించినంత, అంటే 446 అవుతుంది. పాత 440 కెపాసిటర్లకే రియాక్టర్ తగిలిస్తే అవి మొదటినుంచీ రేటింగ్ మించి నడుస్తాయి. 525 వోల్టులవి తీసుకోండి. అయితే 525 మీద 25 కేవీఏఆర్ అని రాసి ఉన్నది మీ 415 మీద, రియాక్టర్‌తో కలిసి, 16.8 మాత్రమే ఇస్తుంది. 200 కేవీఏఆర్ కావాలంటే ఎనిమిది కాదు, పన్నెండు కావాలి. కొటేషన్‌లో కేవీఏఆర్ ఏ వోల్టేజీ మీద రాశారో అడక్కుండా సంతకం పెట్టొద్దు. పాత కెపాసిటర్లను రియాక్టర్ లేకుండా అదే బస్ మీద ఉంచేయడం కూడా కుదరదు, అవి మళ్లీ ఊయల తెస్తాయి. రియాక్టర్లు బాగా వేడెక్కుతాయి. వాటిని కెపాసిటర్ల కింద కాకుండా పైన లేదా వేరే గదిలో పెట్టించి, ఫ్యాను తప్పనిసరి చేయండి. మామూలుగా దొరికే డీ తరగతి కెపాసిటర్‌కు గరిష్ఠం 55 డిగ్రీలు, కాని ఇరవైనాలుగు గంటల సగటు 45, ఏడాది సగటు 35 దాటకూడదు. మన ఎండలకు ఆ చివరి రెండు హద్దులే ముందు దాటిపోయేవి.

అంతకంటే ముందు, మీకు నిజంగా అన్ని కేవీఏఆర్‌లు కావాలా? హార్మోనిక్స్ వల్ల తగ్గిన పవర్ ఫ్యాక్టర్‌ను కెపాసిటర్ పెంచలేదు. కరెంటులో టీహెచ్‌డీ (మూల కరెంటుతో పోలిస్తే మొత్తం హార్మోనిక్స్ పాలు) 40 శాతం ఉంటే కాస్ ఫై (50 హెర్ట్జ్ దగ్గరి పవర్ ఫ్యాక్టర్) సరిగ్గా 1 ఉన్నా మొత్తం పవర్ ఫ్యాక్టర్ 0.93 దగ్గరే ఆగిపోతుంది. కెపాసిటర్లు పెంచేకొద్దీ లీడ్‌లోకి, అంటే కరెంటు వోల్టేజీ కంటే ముందు నడిచే స్థితికి, పోతుంది తప్ప మెరుగవదు. హెచ్‌టీ వినియోగదారులకు బిల్లు కేవీఏహెచ్ మీద వేస్తారు కాబట్టి మీటర్ లీడ్‌నూ లెక్కపెట్టే చోట అది డబ్బు దండగే. రాత్రిపూట, ఎల్ఈడీలూ యూపీఎస్ ఫిల్టర్లూ మాత్రమే ఉన్నప్పుడు, లోడ్ తనంతట తానే లీడ్‌లో ఉంటుంది. అప్పుడు ఒక్క స్టెప్పు కూడా ఆన్‌లో ఉండకూడదు. పైకప్పు మీద సోలార్ పెట్టే ఆలోచన ఉంటే రిలేకు వచ్చే సీటీ (కరెంటు కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) సోలార్ కలిసే చోటుకు గ్రిడ్ వైపున ఉండాలి. లోడ్ 200 కిలోవాట్లు, 60 కేవీఏఆర్ ఉన్నప్పుడు పవర్ ఫ్యాక్టర్ 0.96. అందులో సోలార్ 150 కిలోవాట్లు ఇచ్చేస్తే గ్రిడ్ నుంచి 50 కిలోవాట్లు, అదే 60 కేవీఏఆర్. పవర్ ఫ్యాక్టర్ 0.64 అయిపోతుంది, లోడ్ వైపున్న సీటీకి అది కనపడదు.

యూపీఎస్ బ్యాటరీ మీదికి పోవడం వేరే కథ, దానికి ఎనలైజర్ (వోల్టేజీ, కరెంటు రికార్డు చేసే మీటర్) కావాలి. ఐఈసీ 61000 లోని 4-30 భాగం ప్రకారం క్లాస్ ఏ అని ఉన్నది అద్దెకు తీసుకోండి. మెయిన్ ఇన్‌కమర్ దగ్గర ఆదివారంతో కలిపి పూర్తి ఏడు రోజులు, పది నిమిషాల సగటుతో పెట్టండి. ఘటనల హద్దులు 90, 110 శాతం. వోల్టేజీతోపాటు నాలుగు కరెంట్లూ తప్పక ఎక్కించాలి. వోల్టేజీ మాత్రమే రికార్డు చేస్తే తప్పెవరిదో ఎప్పటికీ తేలదు. అసలు కీలకం ఇదే: వోల్టేజీ పడినప్పుడు ఆ చోట కరెంటు ఎగసిందంటే కారణం అక్కడినుంచి లోడ్ వైపు ఉంది. వోల్టేజీ పడినా కరెంటు ఎగసిపడకపోతే, లేదా తానూ తగ్గితే, కారణం సరఫరా వైపు ఉంది. ఎనలైజర్ గడియారాన్నీ యూపీఎస్ గడియారాన్నీ సెకను తేడా లేకుండా కలపడం మరవకండి. యూపీఎస్ ఈవెంట్ లాగ్‌లో ఒక్కో బదిలీకీ కారణం రాసి ఉంటుంది.

సరఫరా వైపుదైతే ఇంకో గుర్తుంది. 11 కేవీ లైనులో ఒక ఫేజ్ చెట్టుకు తగిలి ఎర్త్ అయితే, మీ డెల్టా స్టార్ ట్రాన్స్‌ఫార్మర్ దాటాక అది ఒక ఫేజ్ లోపంగా కనిపించదు. ఒక ఫేజ్ నిలబడి, మిగతా రెండూ దాదాపు 58 శాతం దాకా పడతాయి, ఫీడర్ బ్రేకర్ తెంచగానే లేదా లోపం పోగానే సర్దుకుంటాయి. అలాంటి రికార్డులు తేదీ, సమయంతో సహా డిస్కంకు రాతపూర్వకంగా ఇవ్వండి. 1912 నంబరుకు ఫోన్ చేసి చెప్పడం కంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) చేతికి గ్రాఫు ఇవ్వడం ఎక్కువ పనిచేస్తుంది, సబ్‌స్టేషన్ ట్రిప్ రిజిస్టర్‌తో వాళ్లు సరిపోల్చుకోగలరు. మామూలు సర్వర్ పవర్ సప్లై, ఐటీఐసీ వక్రరేఖ (కంప్యూటర్ పరికరాలు ఎంత వోల్టేజీ పతనాన్ని ఎంతసేపు తట్టుకోవాలో చెప్పేది) ప్రకారం, 70 శాతం వోల్టేజీని అర సెకను, 80 శాతాన్ని పది సెకన్లు తట్టుకోవాలి. కాబట్టి 85 శాతానికే మీ యూపీఎస్ బ్యాటరీకి పోతుంటే తప్పు లైనుది కాదు, దాని ఇన్‌పుట్ హద్దులు బిగుతుగా పెట్టి ఉన్నాయి. సర్వీసు ఇంజనీరును పిలిచి సడలించమనండి. జెనరేటర్ మీదున్నప్పుడే జరుగుతుంటే ఫ్రీక్వెన్సీ హద్దు చూడండి. జెనరేటర్ అంతర్గత ఇంపీడెన్స్ మీ ట్రాన్స్‌ఫార్మర్ కంటే రెండు, మూడింతలు కాబట్టి అదే హార్మోనిక్ కరెంటుకు వోల్టేజీ వంపు కూడా అంతే పెరుగుతుంది. జెనరేటర్ మీద ఏపీఎఫ్‌సీ ఆగిపోయేలా చేంజోవర్ నుంచి ఇంటర్‌లాక్ ఉండాలి. లీడింగ్ లోడ్ పడితే జెనరేటర్ వోల్టేజీని నిలిపే ఏవీఆర్ పట్టు తప్పి వోల్టేజీ ఎగబాకుతుంది.

లిఫ్టు దగ్గర ఎనలైజర్ కూడా అక్కర్లేదు. 11 కిలోవాట్ల పాత మోటారు నేరుగా స్టార్టయితే 21 ఆంపియర్లకు ఆరు రెట్లు, సుమారు 126 ఆంపియర్లు, అంటే 90 కేవీఏ లాగుతుంది. మీ బస్ బలం 11,111 కేవీఏ. 90 అందులో ఒక శాతం కూడా కాదు, మెయిన్ బస్ మీద రెండు వోల్టులు. కంటికి తెలిసేలా లైట్లు మసకబారుతున్నాయంటే మిగతాది లిఫ్టూ లైట్లూ పంచుకునే కేబుల్‌లోనో జాయింటులోనో పోతోంది. మెయిన్ పానెల్‌లో ఒకరు, కారిడార్ డీబీలో ఒకరు మీటర్లతో నిలబడి ఒకేసారి చూస్తే ఎన్ని వోల్టులు ఎక్కడ పోతున్నాయో తెలుస్తుంది. లిఫ్టుకు మెయిన్ పానెల్ నుంచి విడి ఫీడర్ లాగితే సరిపోతుంది, స్టెబిలైజర్ ఖర్చులో కొద్దిపాటి భాగంతో అయ్యే పని.

యాక్టివ్ ఫిల్టర్ (ఎదురు కరెంటు పంపి హార్మోనిక్స్‌ను చెరిపేసేది) గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అది మంచి పరికరమే, కాని ఇవన్నీ అయ్యాక కొనాల్సింది. ముందు పెద్ద వీఎఫ్‌డీలకు ఇన్‌పుట్ చోక్ (రియాక్టర్) ఉందో లేదో చూడండి. అస్సలు లేని డ్రైవ్‌కు 3 శాతం లైన్ చోక్ పెడితేనే కరెంటు టీహెచ్‌డీ 80 దరిదాపుల నుంచి 40ల్లోకి దిగుతుంది. మూడో అంతస్తుకు మాత్రం నాలుగు వైర్ల ఫిల్టర్, అదీ మెయిన్ పానెల్‌లో కాదు, ఆ అంతస్తు డీబీ దగ్గరే. కింద పెడితే రైజర్ న్యూట్రల్‌లో ఆ 186 ఆంపియర్లూ అలాగే పారుతుంటాయి. మూడో హార్మోనిక్ ఒక్కటే బాధయితే అక్కడ జిగ్‌జాగ్ ట్రాన్స్‌ఫార్మర్ చవక, కదిలే భాగాల్లేవు. మెయిన్ దగ్గర ఫిల్టర్ సైజుకు లెక్క ఇది: మూల కరెంటు 400 ఆంపియర్లు, టీహెచ్‌డీ 25 శాతమైతే హార్మోనిక్ కరెంటు 100. దాన్ని 10 శాతానికి, అంటే 40 కి దించాలంటే తీసేయాల్సింది వర్గాల తేడా మూలం, 92 ఆంపియర్లు. 125 ఆంపియర్ల ఫిల్టర్ చాలు, 300 వేసిన కొటేషన్ మీద సంతకం అక్కర్లేదు. ఫిల్టర్ పక్కన రియాక్టర్ లేని కెపాసిటర్లు ఉంటే రెండూ కొట్లాడుకుంటాయి, అందుకే బ్యాంకు పని ముందు పూర్తవ్వాలి.

వరస ఇలా పెట్టుకోండి: ఈ వారంలో న్యూట్రల్ జాయింట్లు, థర్మల్ స్కాన్, కెపాసిటర్ స్టెప్పుల హద్దు. తర్వాత ఏడు రోజుల రికార్డింగ్. అది చేతికొచ్చాక రైజర్, డీట్యూన్డ్ బ్యాంకు, లిఫ్టు ఫీడర్. చివర్లో, ఇంకా అవసరముంటే, ఫిల్టర్. ప్రతి పనీ అయ్యాక అదే చోట, అదే సీటీ దిశతో, అలాంటి లోడే ఉన్న వారంలో మళ్లీ కొలవండి. ఏప్రిల్ రికార్డును డిసెంబరుతో పోలిస్తే ఏసీలు లేక అన్నీ బాగైనట్టే కనిపిస్తాయి. మెయిన్ బస్ వోల్టేజీ టీహెచ్‌డీ ఐఈఈఈ 519 చెప్పే 8 శాతం లోపు, ఏ ఒక్క హార్మోనిక్కూ 5 దాటకుండా, ఫేజుల మధ్య వోల్టేజీ తేడా సగటులో 2 శాతం లోపు ఉండాలి. 405, 415, 398 వస్తే సగటు 406, అత్యధిక తేడా 9, అంటే 2.2 శాతం, ఏసీ కంప్రెసర్ మోటారు వేడి దానికే పది శాతం దాకా పెరుగుతుంది. మూడో అంతస్తు న్యూట్రల్ కరెంటు, లగ్గు ఉష్ణోగ్రత, న్యూట్రల్ ఎర్త్ వోల్టేజీ, ఈ మూడూ నెలకోసారి ఒకే వేళకు రాసే రిజిస్టర్ పానెల్ గదిలోనే ఉంచండి. కొత్త అద్దెదారు వచ్చి కంప్యూటర్లు పెంచిన నెల ఆ న్యూట్రల్ అంకెలోనే ముందు బయటపడుతుంది.